నాయిన పోయినాక వకీలు దగ్గరికి ఎందుకు పోయానంటే

ఈసారి పత్తి గురించి కాదు, మందుల గురించి కాదు. పోస్టు కొంచెం పెద్దది. పొద్దుగూకి పని అంతా అయినాక ఓపిగ్గా చదవండి.

మొన్న పక్క ఊళ్ళో ఒక పెద్దాయన దినాలకు పోయాను. భోజనాలు అయ్యీ కాకముందే అన్నదమ్ములు ఇద్దరూ పట్టా పాసుపుస్తకం ఎవరి దగ్గర ఉండాలని గొంతులు పెంచారు. ఆడబిడ్డలు ఇద్దరూ విస్తర్ల ముందు తలకాయలు వంచుకుని కూర్చున్నారు. వాళ్ళను ఒక్కరు కూడా ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మూడేళ్ళ కింద మా ఇంట్లో కూడా అట్లనే అయ్యేది. కొంచెంలో తప్పింది. ఎట్ల తప్పిందో ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇవ్వాళ రాస్తున్నా.

మా నాయిన 2023 సంక్రాంతి పోయినాక వారానికి గుండెపోటుతో పోయాడు. 63 ఏళ్ళు. రైతు బీమా వస్తుందేమోనని అందరూ అడిగారు. అది 59 ఏళ్ళ వరకే. నాయినకు రాలేదు.

మాకు తాతల ఆస్తి లేదు. ఉన్న 5 ఎకరాలు నాయిన బోరు బండ్ల మీద పనిచేసి, పైసా పైసా కూడబెట్టి కొన్నవి. ఇంట్లో అమ్మ, నేను. పెళ్ళయిన అక్క, పెళ్ళయిన చెల్లె. నాయినను కన్న మా నానమ్మ కూడా ఉంది, ఎనభై దాటింది, మంచంలోంచి లేచి గోడ పట్టుకుని నడుస్తది. ఈ నానమ్మ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

పదకొండో రోజు నాయిన ఇనుప పెట్టె తెరిచాం. పాసుపుస్తకం, భూమి కొన్న రిజిస్ట్రీ కాగితాలు, రెండు బ్యాంకు పుస్తకాలు, 6 లక్షల 40 వేల ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం, ఒక బీమా పాలసీ. ఇంకా ఒక ప్రామిసరీ నోటు. అది నాయిన మా దూరపు చుట్టానికి ఇచ్చిన 60 వేలది. పంట లోన్ ఉందని తెలుసు, ఎంతో తెలియదు. నాయిన ఎవరికి బాకీ ఉన్నాడో అసలే తెలియదు. ఇరవై ఏళ్ళు ఒకే చేన్ల ఇద్దరం పనిచేశాం, నాయిన లెక్కలు మాత్రం నాకు ఒక్కటి తెలియదు. మీలో చాలామంది సంగతి ఇంతేనని నాకు తెలుసు.

ఆ మరుసటి వారం మండలం ఆఫీసు ముందు కాగితాలు చేయించే ఒక మనిషి కలిశాడు. పేరు ఎందుకు, ప్రతి మండలంలో అట్లాంటోడు ఒకడు ఉంటాడు. "విరాసత్ చేయించుకోవాలె గదా. ఐదు వేలు ఇయ్యి, నెలలో నీ పేరు మీద కొత్త పాసుబుక్కు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అమ్మ పేరు, నీ పేరు పెడితే చాలు. ఆడపిల్లలు పెండ్లిళ్ళయి పోయిండ్రు గదా, వాళ్ళ పేర్లు పెడితే సంతకాలకు తిరగాలె, బావలు అడ్డం పడతరు" అన్నాడు.

నేను ఏమన్నానో చెప్పాలి. వద్దనలేదు. ఐదు వేలు ఇచ్చాను. దరఖాస్తు మీద సంతకం పెట్టాను. కుటుంబ సభ్యులు అన్న చోట అమ్మ పేరు, నా పేరు. అంతే. అక్క, చెల్లె లేరు. అక్కకు అన్యాయం చేద్దామని పెట్టలేదు. కట్నాలు ఇచ్చాం, పెట్టుపోతలు పెట్టాం, వాళ్ళు ఎట్లాగూ అడగరు, పని తొందరగా అయిపోతుంది అనుకున్నా. ఎవరైనా తప్పు చేసేటప్పుడు అట్లనే అనుకుంటారేమో.

ఆ కాగితం ఇంకా అతని సంచిలోనే ఉండగా ఇంకో మనిషి ఇంటికి వచ్చాడు. అవతలి ఊరి ఆసామి. చేతిలో నాయిన సంతకం ఉన్న నోటు. 2 లక్షలు, నూటికి రెండు రూపాయల మిత్తి. "మీ నాయిన పోయిండు, నువ్వు వారసునివి. వెనక ఒక సంతకం పెట్టు చాలు, పైసలు నిదానంగ ఇద్దువు" అన్నాడు. పెన్ను కూడా తీసి ఇచ్చాడు. అమ్మ లోపలినుంచి "రేపు రా అన్నా, పిల్లగాడు సోయిలో లేడు" అని పంపించింది. ఆ రాత్రి అమ్మనే అన్నది, వకీలును ఒకసారి అడుగు బిడ్డా అని.

మనకు వకీలు అంటే కొట్లాట. "వకీలు దగ్గరికి పోయిండు" అంటే ఊళ్ళో వాళ్ళు "ఎవరి మీద కేసు?" అని అడుగుతారు. నేనూ దొంగలాగా పొద్దున్నే బస్సెక్కి పోయాను.

మొదట కలిసిన వకీలు డిపాజిట్ కాగితం చూడగానే, "దీనికి నామినీ లేరు. కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తేవాలె. వచ్చినదాంట్లో నాకు పది శాతం" అన్నాడు. భూమి గురించి గానీ, ఇంట్లో ఎవరెవరు ఉన్నారని గానీ అడగలేదు. లేచి వచ్చాను. తర్వాత తెలిసింది, కేసులో వచ్చేదాంట్లో వాటా అడగడం వకీళ్ళకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారమే కుదరదట. ఫీజు ఇంత అని చెప్పొచ్చు, వాటా అడగొద్దు. ఇది మీరు కూడా గుర్తుంచుకోండి.

మా చుట్టం ఒకాయన ఇంకో వకీలు మేడం దగ్గరికి పొమ్మన్నాడు. కోర్టు ఎదురుగా, జిరాక్స్ షాపు మీద చిన్న గది. ఆమె కాగితాలు ముట్టుకోకముందు ఒక తెల్లకాగితం తీసి గీత గీసింది. ఒకవైపు ఉన్నవి, ఇంకోవైపు బాకీలు. దాని కింద ఇంట్లో వాళ్ళ పేర్లు రాయమన్నది. నేను అమ్మ పేరు, నా పేరు రాసి ఆగాను. ఆమె నా ముఖం చూసింది.

"అక్కచెల్లెళ్ళు లేరా?"

"ఉన్నరు మేడం. పెండ్లిళ్ళయినయి."

"మీ నాయిన తల్లిదండ్రులు?"

"నానమ్మ ఉన్నది."

ఆమె ఐదు పేర్లూ రాసి నాకు తిప్పి చూపించింది. వీలునామా లేకుండా పోయిన హిందూ మగమనిషి స్వార్జితానికి 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం మొదటి వరుస వారసులు భార్య, కొడుకులు, బిడ్డలు, తల్లి. అందరికీ సమాన వాటా. పెళ్ళయిందా కాలేదా అన్నది లెక్కలోకి రాదు. అంటే మా 5 ఎకరాల్లో అమ్మకు ఒక ఎకరం, నాకు ఒకటి, అక్కకు ఒకటి, చెల్లెకు ఒకటి, నానమ్మకు ఒకటి.

నానమ్మకు వాటా ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. మీలో ఎంతమందికి తెలుసో చెప్పండి. కొడుకు తల్లి కంటే ముందు పోతే ఆ తల్లి కూడా వారసురాలే. దీంట్లో ఇంకో ముడి ఉంది. నానమ్మ పేరు వదిలేసి, ఏదీ తేల్చకుండా ఆమె కూడా పోతే, ఆ ఎకరం మీద మా బాబాయికి, మేనత్తకు కూడా హక్కు వస్తుంది. ఆమె పిల్లలు కదా. అప్పుడు ఐదుగురి లెక్క ఎక్కడికి పోతుందో చూడండి.

తాతల నుంచి వచ్చిన భూమి అయితే లెక్క వేరు. అందులో కొడుకుకు పుట్టుకతో హక్కు ఉన్నట్టే బిడ్డకూ ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల్లోనే ఈ మార్పు మొదలైంది, 2005లో దేశమంతటికీ చేశారు. తండ్రి 2005కు ముందే పోయినా బిడ్డ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి మీ భూమి కొన్నదా, తాతలదా అన్నది వకీలుకు మొదటి మాటగా చెప్పండి.

అప్పుడు నేను సంతకం పెట్టిన కాగితం సంగతి చెప్పాను. మేడం కోప్పడలేదు. "ముందు ఆ కాగితం వెనక్కి తెచ్చి నా టేబుల్ మీద పెట్టు. తర్వాత మాట్లాడదాం" అన్నది. తప్పుడు ప్రమాణం నేరం. అది ఒకటి. రెండోది, అట్ల చేయించుకున్న పాసుబుక్కు ఇవ్వాళ వస్తుంది, కానీ పదేళ్ళ తర్వాత అయినా అక్క గానీ, అక్క పిల్లలు గానీ కోర్టుకు పోతే నిలబడదు. ఆ భూమి మీద లోను, అమ్మకం అన్నీ ఆగిపోతాయి. "నీ చేతిలో ఐదెకరాల కాగితం ఉంటది గాని, భూమి ఉండదు" అన్నది.

మధ్యాహ్నం బస్సుకు వచ్చి ఆ మనిషిని పట్టుకున్నాను. కాగితం ఇచ్చాడు, ఐదు వేలు ఇవ్వలేదు. పోనీ అనుకున్నా. ఆ కాగితం మేడం ముందే చింపేశాను.

తర్వాత ఆమె చెప్పిన మాట నాకు నచ్చలేదు. "నువ్వు ఫీజు ఇస్తవు కాబట్టి నేను నీ వకీలును. మీ అక్క వకీలును కాదు. ఆమెకు ఏం రావాలో ఆమెకు తెలిసినాకనే సంతకం పెట్టాలె. నువ్వు పక్కన లేకుండ ఆమెతో ఒక్కసారి మాట్లాడతా. కావాలంటే ఆమె వేరే వకీలును పెట్టుకోవచ్చు, ఆడవాళ్ళకు ప్రభుత్వం తరఫున ఉచితంగ వకీలును ఇస్తరు" అన్నది. నిజమే. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఎస్సీ, ఎస్టీ వాళ్ళకు కూడా ఉంది. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల కమిటీ ఉంటుంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు.

నేను అన్నాను, "మా అక్క వద్దనే అంటది మేడం. మొన్ననే అన్నది, నాకేం వద్దు తమ్మీ అని."

"ఎక్కడ అన్నది?"

"ఇంట్లనే, అందరి ముందు."

"అందరి ముందు ఏ ఆడబిడ్డ అడుగుతది?" అన్నది మేడం.

అక్క, చెల్లె ఒక రోజు వచ్చారు. నేను కింద జిరాక్స్ షాపు దగ్గర నిలబడ్డాను. అరగంట. చెల్లె ముందు దిగింది, మామూలుగానే ఉంది. అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైకి పోయాక మేడం చెప్పింది. చెల్లెకు భూమి అక్కర్లేదు, హైదరాబాద్‌లో ఉంటారు, ఆమె ఎకరం నాకే ఇస్తుంది, నేను వీలైనప్పుడు పైసలు ఇస్తే చాలు. అక్క తన ఎకరం తనకు కావాలన్నది.

దాచను, నాకు కోపం వచ్చింది. బోరు పక్కన చెక్క అది. బస్సులో అక్కతో మాట్లాడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా. మా ఊరి స్టేజీ దగ్గర దిగాక అక్క నా చెయ్యి పట్టుకుని చెప్పింది. బావకు కిడ్నీలు పాడయ్యాయి, వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆరు నెలల నుంచి. నాయినకు తెలుసు, నాయిన గుట్టుగా పైసలు ఇస్తుండె. మాకు చెప్పొద్దని అక్కనే అన్నదట. "భూమి అడిగితే పుట్టింటి గడప తొక్కనియ్యవేమోనని భయపడ్డ తమ్మీ. ఆమె అడిగింది కాబట్టి నోట్లకెల్లి మాట వచ్చింది" అన్నది.

అన్నలారా, ఆ దరఖాస్తు ఒక వారం ముందుకు పోయి ఉంటే ఏమయ్యేది? కాగితం మీద మా అక్క మా నాయినకు పుట్టనే లేదు. నేను అట్ల రాసి సంతకం పెట్టాను.

ఇక పనులు ఎట్ల అయ్యాయో వరుసగా చెబుతా, మీకు పనికొస్తుంది.

ముందు మరణ ధ్రువీకరణ పత్రం. 21 రోజుల లోపల పంచాయతీలో చెబితే ఏ ఇబ్బందీ ఉండదు. ఆలస్యమైతే ఫీజు, ఇంకా ఆలస్యమైతే పై అధికారుల అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ దాకా పోవాలి. పది కాపీలు తీసుకోండి. పేరు దగ్గర జాగ్రత్త. మా నాయిన పేరు ఆధార్‌లో ఒక తీరు, పాసుపుస్తకంలో ఒక తీరు, బ్యాంకులో పొట్టి పేరు. ఈ మూడూ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించడానికి పది రోజులు పోయాయి.

తర్వాత ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. ఐదుగురి పేర్లతో. దీనికి వకీలు అక్కర్లేదు, మీసేవలో దరఖాస్తు పెట్టుకుంటే తహసీల్దారు ఇస్తారు. మేడం దీనికి పైసా తీసుకోలేదు, నువ్వే పెట్టుకో అన్నది.

భూమి విరాసత్ అప్పుడు ధరణిలో స్లాటు పెట్టుకుని, వారసులందరం ఒప్పుకున్నట్టు రాసిన కాగితంతో పోయాం. నానమ్మను ఆటోలో తీసుకుపోయి, కుర్చీలో కూర్చోబెట్టి మోశాం. ఐదుగురికి తలా ఎకరం ఎక్కింది. ఇప్పుడు ధరణి పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారింది గానీ, వారసులందరి పేర్లూ చెప్పాలన్నది మారలేదు.

నానమ్మను అడిగితే తన ఎకరం మా అమ్మకు ఇయ్యమన్నది. "నాకు అన్నం పెట్టేది అదే" అన్నది. అది తెల్లకాగితం మీద వేలిముద్ర వేస్తే చెల్లదు. భూమి మీద హక్కు ఇచ్చినా, వదులుకున్నా రిజిస్టర్ కావాలి. అందుకని నానమ్మ అమ్మకు, చెల్లె నాకు దానపత్రాలు చేసి రిజిస్టర్ చేయించారు. రాసింది మేడం. బాబాయికి కూడా ముందే చెప్పమన్నది, తర్వాత తెలిసి మనసు కష్టపెట్టుకోకుండా. చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు.

బ్యాంకు సంగతి. మొదటి వకీలు కోర్టు సర్టిఫికెట్ తప్పదన్నాడు గదా. మేడం అన్నది, "ముందు బ్యాంకులో రాతపూర్వకంగ అడుగు." బ్యాంకు వాళ్ళ దగ్గరే క్లెయిమ్ ఫారం ఉంది. వారసులందరి సంతకాలు, బాండు, ఇద్దరు జామీనుదారులు. కోర్టు గడప ఎక్కకుండా ఆరు వారాల్లో పైసలు వచ్చాయి. వారసుల మధ్య తగాదా ఉంటేనో, మొత్తం బ్యాంకు పెట్టుకున్న పరిమితి దాటితేనో కోర్టు సర్టిఫికెట్ అడుగుతారు. 2025 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఈ పరిమితి వాణిజ్య బ్యాంకుల్లో కనీసం 15 లక్షలు, సహకార బ్యాంకుల్లో 5 లక్షలు. కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో తేల్చాలి. ఇంకో మాట, ఆ కోర్టు సర్టిఫికెట్ డిపాజిట్లకు, రావాల్సిన బాకీలకే. భూమికి పనికిరాదు. రెండిటికీ కలిపి ఒకటే సర్టిఫికెట్ అని ఎవరైనా చెబితే నమ్మకండి.

నామినీ ఉంటే బ్యాంకు ఆ మనిషి చేతికి తొందరగా ఇస్తుంది. కానీ బ్యాంకు డబ్బుకు నామినీ అంటే యజమాని కాదు. తీసుకుని వారసులకు పంచాల్సిన మనిషి. చనిపోయిన మనిషి ఏటీఎం కార్డుతో డబ్బు తీయొద్దు, పిన్ను తెలిసినా సరే. పీఎం కిసాన్ లాంటివి పోయినాక పడితే అవి కూడా ముట్టుకోవద్దు, చెప్పి ఆపించాలి.

బ్యాంకు పుస్తకాల్లో మూడేళ్ళ ఎంట్రీలు మేడం వేలు పెట్టి ఒక్కొక్కటి చూసింది. ఏడాదికి 20 రూపాయలు కట్ అయితే అది ప్రమాద బీమా, 436 కట్ అయితే జీవిత బీమా. రెండిటికీ 2 లక్షలు. మా నాయినది గుండెపోటు, వయసు కూడా దాటింది, రెండూ రాలేదు. పెట్టెలో దొరికిన పాలసీకి అమ్మ నామినీ, లక్ష వచ్చింది. మీ ఇంట్లో పాముకాటు, కరెంటు షాకుతో ఎవరైనా పోతే ఆ 20 రూపాయల ఎంట్రీ కోసం తప్పకుండా వెతకండి.

ఇక 2 లక్షల నోటు. మేడం తేదీ చూసింది. గడువు దాటింది. వెనక వైపు చెల్లు రాసింది లేదు. నోటుకు మూడేళ్ళే గడువు. ఆలోపల కొంత కట్టి సంతకం పెడితేనో, బాకీ ఉన్నా అని రాసిస్తేనో మళ్ళీ మూడేళ్ళు. "నువ్వు ఆరోజు పెన్ను పట్టుకుని ఇస్తానని రాసి సంతకం పెట్టి ఉంటే, తీరిన గడువు నీ మెడకు చుట్టుకునేది" అన్నది. ఇంకోటి, తండ్రి అప్పుకు కొడుకు బాధ్యత తండ్రి నుంచి వచ్చిన ఆస్తి వరకే. సొంత జేబులోంచి కట్టాలని ఎవరూ గుంజలేరు.

చట్టం అంత వరకు. ఇంటికొచ్చి అమ్మను అడిగితే, ఆ అప్పు నిజమే అన్నది. అక్క వాళ్ళ ఆసుపత్రికే తెచ్చాడేమో నాయిన, మాకు తెలియదు. ఐదుగురం కూర్చున్నాం. అసలు ఇద్దాం, మిత్తి ఇవ్వం అనుకున్నాం. ఆ ఆసామి మొదట గొణిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు. మేడం చెప్పినట్టు పైసలు బ్యాంకు ద్వారా ఇచ్చి, అసలు నోటు చేతికి తీసుకుని, ముట్టిందని రాయించుకున్నాం. మాకు రావాల్సిన 60 వేల నోటుకు ఇంకా ఐదు నెలల గడువే ఉండె. ఆ చుట్టం దగ్గరికి పోయి అడిగితే పది వేలు ఇచ్చి నోటు వెనక సంతకం పెట్టాడు. మిగతాది నిరుడు పత్తి అమ్మినాక ఇచ్చాడు. అది కూడా ఐదుగురికి పంచాం.

లెక్క ఇట్ల తేలింది. డిపాజిట్ 6,40,000. పంట లోను 1,35,000 పోయింది. నోటు 2,00,000. దినాల ఖర్చు 55,000, దానికి నేను చీటీలు దాచిపెట్టాను. వకీలు ఫీజు 18,000. మిగిలింది 2,32,000. తలా 46,400. ముందు అప్పులు, తర్వాత పంపకం. ఈ వరుస తప్పితే తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకోలేరు.

18 వేలు ఎక్కువ అనిపిస్తుందా? మొదటి వకీలు పది శాతం అయితే ఒక్క డిపాజిట్‌కే 64 వేలు. మేడం మొదటి రోజే ఏ పనికి ఎంతో కాగితం మీద రాసి ఇచ్చింది, మూడు సార్లుగా తీసుకుంది, ప్రతిసారి రసీదు ఇచ్చింది. ఆమె చేసినదాంట్లో నాకు అన్నిటికంటే విలువైనవి మూడు "వద్దు"లు. ఈ కాగితం పెట్టొద్దు, ఈ నోటు మీద సంతకం పెట్టొద్దు, ఈ పనికి కోర్టుకు పోవద్దు. పని చెప్పి పైసలు తీసుకునే వకీళ్ళు చాలామంది ఉంటారు. ఈ పనికి నేను అక్కర్లేదు అని చెప్పే వకీలు దొరికితే వదులుకోకండి.

వకీలు దగ్గరికి పోయేటప్పుడు అసలు కాగితాలు చూపించండి, జిరాక్సులు ఇవ్వండి. అసలువి ఇవ్వాల్సి వస్తే ఏమేమి ఇచ్చారో రాయించుకుని సంతకం తీసుకోండి. వకాలత్‌నామా మీద, ఖాళీ బాండు పేపర్ల మీద చదవకుండా సంతకం పెట్టకండి. ఇంట్లో ఎవరెవరు ఉన్నారో దాచకండి. వకీలు దగ్గర, డాక్టరు దగ్గర అబద్ధం చెబితే నష్టం మనకే.

అన్నిటికంటే ముందు ఇంకో పని. ఇవ్వాళ రాత్రే మీ పెట్టె తెరిచి, ఏమున్నాయో, ఎవరికి బాకీ, ఎవరు బాకీ, ఒక కాగితం మీద రాసి ఇంట్లో వాళ్ళకు చూపించండి. బ్యాంకులో నామినీ పెట్టించండి. ఎవరికి ఏది ఇవ్వాలో మనసులో ఉంటే వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టండి. రాస్తే చచ్చిపోతామని ఏం లేదు. నేను పోయిన ఉగాదికి రాశాను, బాగానే ఉన్నా.

ఇప్పుడు అక్క ఎకరం నేనే కౌలుకు చేస్తున్నా. ఊళ్ళో ఉన్న రేటే ఇస్తా, తక్కువ చేయను. ఆ పైసలు బావ మందులకు పోతాయి. బోరు నీళ్ళు ఇద్దరివీ.

ఈ పోస్టు పెట్టేముందు అక్కకు ఫోన్‌లో చదివి వినిపించాను. ఆమె పేరు లేని దరఖాస్తు సంగతి ఆమెకు ఇదే మొదటిసారి చెప్పడం. మూడేళ్ళు దాచాను. చదివి ఆగాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"నాకు అప్పుడే తెలుసురా" అన్నది. "ఆ ఆఫీసు ముందటి మనిషి మీ బావతోని అన్నడు. నువ్వు కాయితం గుంజుకొని పోయినవని కూడ ఆయనే చెప్పిండు. అందుకనే ఆ వకీలమ్మ దగ్గరికి వచ్చిన. లేకుంటే వచ్చేదాన్ని కాదు."

ఇంతే అన్నలారా. మీ ఊళ్ళో ఎవరింట్లోనైనా ఈ మధ్య ఎవరైనా పోయి ఉంటే వాళ్ళకు ఇది చదివి వినిపించండి. ముఖ్యంగా ఆ ఇంటి ఆడబిడ్డలకు. ఉంటా మరి, పొద్దున్నే నీళ్ళు కట్టాలి.